గింజ కొరికే పన్ను

ముందుగా ఒక ఫిర్యాదు. సూర్యాపేటలో చాయ్ కప్పులు రోజురోజుకూ చిన్నవైపోతున్నాయి. నేను కాలేజీలో చదివే రోజుల్లో గాజు గ్లాసు ఉండేది. పట్టుకుంటే చేతికి ఒక పని దొరికినట్టుండేది. ఆ తర్వాత కాగితపు కప్పు వచ్చింది. ఇప్పుడు ఇస్తున్న కప్పు చాయ్ తాగడానికో, పసిపిల్లకు జ్వరం మందు కొలిచి పోయడానికో తెలియదు. రెండు గుక్కలు తాగితే మూడో గుక్కకు కాగితం తగులుతుంది. కప్పు తగ్గినా చక్కెర మాత్రం తగ్గలేదు. తాగినట్టు ఉండదు కాబట్టి ఇంకొకటి తాగుతాం. దీని మీద ఇంతవరకు ఎవరూ ధర్నా చేయలేదు.

ఇక నా పన్ను సంగతి.

నా పేరు యాదగిరి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వడ్లు కొనిపెడతాను. బీయస్సీ చదివాను, అందులోనూ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం. ఆ చదువుకూ ఈ పనికీ సంబంధమేమిటని పెళ్లిచూపుల్లో మామ అడిగితే, "వరి కూడ మొక్కనే గద మామా" అన్నాను. పిల్లనిచ్చారు.

కోతల కాలంలో పొద్దున సూర్యాపేట మార్కెట్ యార్డులో రాశులు చూడాలి, మధ్యాహ్నం మిర్యాలగూడకు వచ్చి మిల్లు గేటు ముందు ఆగిన ట్రాక్టర్లు చూడాలి. చూడటమంటే కళ్లతో కాదు. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి లోపలి నుంచి పిడికెడు వడ్లు తీయాలి. అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, నాలుగు గింజలు నోట్లో వేసుకుని ఒక్కొక్కటిగా దవడ పన్ను కింద నొక్కాలి. టక్కుమంటే ఎండిన గింజ. మెత్తగా దిగిపోతే పచ్చిది. టక్కుమని పొడైపోతే మిల్లులో బియ్యం రావు, నూకలొస్తాయి. ఈ మూడింటి మధ్య ఇంకా చాలా ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, నా కుడివైపు కింది దవడ పన్నుకు మాత్రం అవన్నీ తెలుసు. ఎడమవైపు పన్నుకు తెలియదు. ఎందుకు తెలియదంటే చెప్పలేను. మీ ఎడమ చేతికి మీ సంతకం ఎందుకు రాదో, ఇదీ అంతే.

మార్కెట్లో ఇంకో ఆచారం ఉంది. ఏ కమీషన్ దుకాణం ముందు రాశి చూసినా దుకాణదారు చాయ్ తెప్పిస్తాడు. తాగకపోతే వడ్లు నచ్చలేదని అర్థం. వడ్లు నచ్చకపోయినా తాగాలి, లేకపోతే మనిషి నచ్చలేదని అర్థం. అలా రాశికొక చాయ్, చాయ్‌కి చాయ్‌కి మధ్య నాలుగు గింజలు. ఏళ్ల తరబడి నా నోటికి ఇదే ఉద్యోగం.

పోయిన ఏడాది యాసంగి కోతలు

ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ నీళ్లు తాగితే కుడి దవడలో ఎవరో సన్నని తీగ లాగి వదిలినట్టయింది. ఒక్క క్షణమే. అద్దంలో చూసుకుంటే దవడ పన్ను మీద గసగసాల గింజంత నల్లచుక్క కనిపించింది. అంత చిన్నదానికి డాక్టరును ఇబ్బంది పెట్టడం మర్యాద కాదనిపించింది.

ముక్కుపురుగు పట్టిన గింజను మీరు చూసే ఉంటారు. పైన సూది మొనంత బెజ్జం, లోపల ఏమీ ఉండదు. అలాంటి గింజ ఒక్కటి కనిపించినా బస్తా మొత్తం వెనక్కి పంపే మనిషిని నేను. నా నోట్లోని బెజ్జాన్ని మాత్రం చుక్క అనుకున్నాను.

ఎండలు ముదిరాయి, నొప్పీ ముదిరింది. ఆ నొప్పికి ఒక పద్ధతి ఉండేది. పడుకుంటే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. కాబట్టి కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టాను. ఆర్టీసీ బస్సుల్లో ఇన్నేళ్లు చేసిన సాధన అక్కరకొచ్చింది. మా వీధిలో తలా ఒక వైద్యం చెప్పారు: లవంగం, ఇంగువ, ఉప్పునీళ్లు, జామాకు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేక అన్నీ చేశాను. నా నోరు పోపుల డబ్బా అయింది.

చివరికి మా ఆవిడ పద్మ నన్ను సూర్యాపేటలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ కూర్చునే గదిలో అందరూ చెంప మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. ఎదురుగా టీవీలో వంటల కార్యక్రమం వస్తోంది. ఎవరో నవ్వుతూ అరిసెలు వేయిస్తున్నారు. నమలలేని వాళ్లమందరం కళ్లార్పకుండా చూశాం.

డాక్టర్ గారు అద్దం పెట్టి చూసి, "లోపల దాక పోయింది. తీసేద్దాం. ఇంజక్షన్ ఇస్త, నొప్పి తెల్వది" అన్నారు.

"సార్, ఈ పన్ను నాకు పనికొస్తది" అన్నాను.

"ఎవల పన్ను వాళ్లకు పనికొస్తది."

"అట్ల గాదు సార్. నేను దీంతోనే వడ్లు కొంట."

ఆయన చేతులు కడుక్కోవడం ఆపి నా వంక చూశారు. ఆ తర్వాత పద్మ వంక చూశారు, ఈయన ఇంట్లో కూడా ఇట్లనే ఉంటడా అన్నట్టు. రూట్ కెనాల్ అని ఒకటుందనీ, దానికి చాలాసార్లు తిరగాలనీ, ఆలస్యం చేయొద్దనీ చెప్పి మాత్రలు రాసిచ్చారు. ఆయన వైపు తప్పేమీ లేదు. కోతలు అయిపోయాక తిరుగుదామని నేనే అనుకున్నాను. మా పనిలో అన్నీ కోతలు అయిపోయాకనే, పెళ్లిళ్లు, ఇంటి రిపేరు, జ్వరం.

మా మిల్లు యజమానిని అందరం సేటు అంటాం. ఆయన సంగతి విని తన గదిలోంచి ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. అది తేమ మీటరు. గింజలు పోసి బొత్తాం నొక్కితే అంకె చూపిస్తుంది.

"పన్ను పీకిపిచ్చుకోరాదు యాదగిరి? గిది ఉన్నది గద" అన్నారు.

"అది తేమనే చెప్తది సేటూ. నూక చెప్పదు."

"నువ్వు కొరకకుంటే ఇగ నువ్వెందుకు? బొత్తం ఒత్తనీకె ఎవలైన ఒత్తుతరు."

ఆయన దీన్ని బెదిరింపుగా అనలేదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నారు. అందుకే నాకు గట్టిగా తగిలింది. మీటరు అబద్ధం చెప్పదు, ఒప్పుకుంటాను. కానీ అడిగినదానికే జవాబిస్తుంది. మా కాలేజీలో అలాంటి వాళ్లు కొందరుండేవారు, వాళ్లకే ఫస్టు క్లాసులు వచ్చేవి. ఆ రోజు నేను ఒక నిర్ణయానికొచ్చాను. ఈ పన్ను పోదు. పోతే నాతోపాటే పోతుంది. ఈ రెండో వాక్యం నిజం కావడానికి ఎంత దగ్గరికొచ్చిందో ముందు ముందు చెబుతాను.

తొలకరి

మా అత్తగారిది తుంగతుర్తి. ఆమెకు నా మీద అభిమానం, డాక్టర్ల మీద అనుమానం. "పన్నుకు పుర్గు వట్టింది బిడ్డా. మా దగ్గర ఒక ముసలామె తీస్తది. పొగ వెడితె దబదబ రాల్తయి" అంది.

"పుర్గు లేదు, గిర్గు లేదు. నువ్వు సదువుకున్నోనివేనా?" అని పద్మ నన్ను అడిగింది.

చదువుకున్నవాణ్ణి కాబట్టే ప్రయోగం చేసి చూడాలన్నాను. అసలు కారణం వేరు. ముసలామె పన్ను తీయదు, పురుగు తీస్తుంది. చాలాసార్లు తిప్పించుకోకుండా నా పన్నును నాకే ఉంచుతానన్న మనిషి అప్పటికి ఆమె ఒక్కతే.

తుంగతుర్తిలో ఆ ముసలామె కాలిన గరిటెలో నూనె వేసి, నేలములక గింజలు అందులో పోసింది. గింజలు చిటపటలాడుతూ పొగ లేచింది. ఆ పొగను ఒక వెదురు గొట్టంతో నా దవడలోకి పట్టించింది. కింద నీళ్ల గిన్నె. నేను దగ్గి, కక్కి, కళ్లనీళ్లు పెట్టుకుని చూసేసరికి గిన్నెలో తెల్లగా, వంకరగా సన్నని పోగులు తేలుతున్నాయి.

"సూడు బిడ్డా, ఎన్నున్నయో!" అంది అత్తమ్మ, పంట చేతికొచ్చినట్టు.

గింజ వేడికి పేలితే లోపలి మొలక తెల్లగా, వంకర తిరిగి బయటపడుతుంది. వృక్షశాస్త్రం పరీక్షలో ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. గిన్నెలో తేలుతున్నవి అవేనని నాకు తెలుసు. అయినా సంతోషపడ్డాను. నొప్పిలో ఉన్నవాడికి డిగ్రీ ఏ మూలకూ రాదు.

మర్నాడు నొప్పి పోయింది. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. చల్లనీళ్లు తాగాను, వేడి చాయ్ తాగాను, ఏమీ లేదు. ఇక నేను ఆగలేదు. మిల్లులో హమాలీలకు, మార్కెట్లో దుకాణదారులకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు తుంగతుర్తి దారి చెప్పాను. పద్మ మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని కూర్చుంది.

"పుర్గు పోయింది, సరే. బొక్క ఏమైంది?"

ఆ నొప్పి ఎందుకు పోయిందో నాకు చలికాలంలో తెలిసింది. మీకు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నేను రాస్తున్న దాంట్లో నలుగురికీ పనికొచ్చే ముక్క ఇదొక్కటే. పన్ను కూడా వడ్ల గింజ లాంటిదే. పైన గట్టి పొట్టు, దాన్ని ఎనామిల్ అంటారు. ఒంట్లో అంతకంటే గట్టిది లేదు, కానీ దానికి నొప్పి తెలియదు. మనం తాగే చాయ్‌లోని చక్కెరను నోట్లోని సూక్ష్మజీవులు తిని పులుపు వదులుతాయి. ఆ పులుపు పొట్టును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. తర్వాత లాలాజలం పోయినదాన్ని కొంత పూడుస్తుంది, కానీ దానికి కాస్త వ్యవధి కావాలి. రాశికొక చాయ్ తాగేవాడు ఆ వ్యవధి ఇవ్వడు. పొట్టుకు బెజ్జం పడ్డాక లోపల డెంటిన్ అనే పొర వస్తుంది, అది మెత్తన. పుచ్చు అక్కడికి చేరాక పక్కలకు పాకుతుంది. అందుకే పైన చుక్క కనిపిస్తుంటే కింద గుహ తయారవుతుంది. చల్లనీళ్లు జివ్వుమనేది అప్పుడే. దాని నడుమ గుజ్జు ఉంటుంది, నరమూ నెత్తురూ అందులోనే. పుచ్చు అక్కడి దాకా పోతే మనిషి కూర్చుని నిద్రపోతాడు. ఇంకా ఊరుకుంటే ఆ నరం చచ్చిపోతుంది. చచ్చినదానికి నొప్పి ఉండదు.

అంటే తుంగతుర్తిలో నాకు నయం కాలేదు. నా పన్ను లోపల ప్రాణం పోయింది, దాన్ని నేను పండగ చేసుకున్నాను. కాబట్టి చెబుతున్నాను, పంటి నొప్పి దానంతటదే పోతే సంబరపడకండి. భయపడండి, వెంటనే చూపించుకోండి.

వానకాలం కోతలు

దీపావళి దాటాక చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నొక్కితే పగిలి నోరు ఉప్పగా అయింది. మళ్లీ లేచింది, మళ్లీ నొక్కాను. అది లోపలి చీము బయటికి వెతుక్కున్న దారి అని తెలియదు. ఒక పొద్దున లేచేసరికి ఆ దారి మూసుకుపోయింది, కుడి దవడ కింద కోడిగుడ్డంత వాపు గట్టిగా లేచింది. నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకుంటోంది.

ముఖానికి తువ్వాల చుట్టుకుని మార్కెట్‌కు పోయాను. కోతలు మంచి ఊపు మీదున్నాయి.

"ఏమైంది యాదగిరన్నా, ఎవలు గొట్టిండ్రు?" అని ఒక దుకాణదారు అడిగాడు.

"వడ్లు" అన్నాను పళ్ల సందులోంచి.

ఆ రోజూ మర్నాడూ ఎడమ పంటితోనే పని నడిపించాను. ఎడమ పన్ను ప్రతి గింజకూ బాగుందనే చెప్పింది, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా. దాని మాట మీద కొన్న ఒక లోడు లోపల పచ్చి ఉండి మిల్లులో వేడెక్కింది. సేటు బస్తాలోకి చెయ్యి పెట్టి, తీసి, వాసన చూసుకుని, నా వాపు వంక చూశారు.

ఆ తర్వాతి పొద్దున మార్కెట్లోనే ఉమ్ము మింగడం కష్టమైంది. పుట్టినప్పటి నుంచి చేస్తున్నా అది ఒక పని అని అంతవరకు తోచలేదు. ప్రతి గుటకకూ ముందు ఆలోచించి, సిద్ధపడి, మెడ సాచి మింగాల్సి వచ్చింది. చలి పెట్టింది. నన్ను కొట్టిందెవరని అడిగిన ఆ దుకాణదారే ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు, పద్మకు ఫోన్ చేశాడు.

అక్కడి డాక్టరు గారు గడ్డం కింద వేళ్లతో నొక్కి చూసి, నాతో కాకుండా అప్పుడే వచ్చిన పద్మతో మాట్లాడటం మొదలుపెట్టారు. అది మంచి లక్షణం కాదని నాకు తెలుసు.

"చీము మెడకు దిగుతున్నదమ్మా. ఇంకింత దిగితె ఊపిరి ఆడదు. ఇప్పుడే కోసి తియ్యాలె."

నాకు ఆ మాట అంతగా నచ్చలేదు. మంచం మీద కూర్చుని గోడ చూస్తూ ఉన్నాను, పడుకుంటే గొంతు మూసుకుపోతున్నట్టుంది. పద్మ నా గడ్డం కింద గిన్నె పట్టుకుని నిలబడింది, నేను మింగలేనిది అందులో పడుతోంది. చెయ్యి మార్చుకుంటోంది తప్ప గిన్నె దించలేదు. నాకు ఎప్పుడూ ఏదో ఒక జోకు తోస్తుంది. ఆ పూట ఒక్కటీ తోచలేదు. పంటి మీద నల్లచుక్కతో మనుషులు చచ్చిపోతారా అని మాత్రం అనుకున్నాను. పోతారని అర్థమైంది. పళ్లు బిగించి పెట్టాను, బిగుసుకునే ఉన్నాయి కాబట్టి కష్టం లేకుండా.

దవడ కింద కోసి, చిన్న గొట్టం పెట్టారు. అందులోంచి వచ్చినదాని గురించి రాయను, అన్నం తింటూ చదివేవాళ్లుంటారు. సాయంత్రానికి గుటక మింగగలిగాను. అంత రుచిగా నేను దేన్నీ మింగలేదు.

పక్క మంచం మీద బీరయ్య అనే గొర్ల కాపరి ఉండేవాడు. పొట్టేలు పొడిచి మోకాలు చిట్లింది. అతని భార్య తెచ్చిన రాగిజావను రోజూ సగం నాకు పోయించేవాడు. నోరు తెరుచుకోవడం లేదని చూసి, కూల్‌డ్రింక్ దుకాణం నుంచి గొట్టం తెప్పించి ఇచ్చాడు. "నన్నంటే పొట్టేలు పొడిసింది. నిన్ను గింజ పొడిసిందట గదనే!" అని వార్డంతా వినేలా నవ్వేవాడు. నాకు నవ్వితే కుట్లు లాగేవి. అయినా ఆ నవ్వు మందే.

వాపు దిగాక డాక్టరు గారు అసలు సంగతి ఎత్తారు. "ఈ చీముకు మూలం ఆ పన్నులనే ఉన్నది. తీసెయ్యాలె, లేకుంటె లోపల సాఫ్ చెయ్యాలె. ఏదో ఒకటి తొందరగ."

"తీసెయ్యుండ్రి సార్. గిప్పుడే తీసెయ్యుండ్రి" అంది పద్మ.

"వద్దు" అన్నాను.

పద్మ నా వైపు తిరిగింది. అన్ని రోజులు దాచుకున్న మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. "నీకు నేనెక్కువనా, పన్నెక్కువనా? నీ పన్ను నీకు దక్కుతదేమో గని, నీకేమన్నయితె నేను ఆగమైత. గది ఒక్కసారన్న సోంచాయించినవా?"

బీరయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"పన్ను పోతె సేటు మార్కెటుకు మీటరును తోలుతడు, నన్ను గాదు. ఇంకో పని నాకు రాదు పద్మా" అన్నాను. ఇంట్లో ఎప్పుడూ పైకి అనని మాట అది. ఆమె చాలాసేపు గిన్నె కడిగింది. తిరిగి వచ్చి డాక్టరు గారిని, "సాఫ్ చేసేటోళ్లు యాడుంటరు సార్?" అని అడిగింది.

"కోదాడల ఒక మేడం ఉన్నది. వెంటనే పోవాలె. తాత్సారం చేస్తె నేనే పీకుత" అన్నారాయన.

చలికాలం, కోదాడ

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు బస్సు. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు, ప్రతి గుంతా నా దవడతో నేరుగా మాట్లాడింది. కండక్టరమ్మ నా కట్టు చూసి, ముందు సీట్లో ఉన్న పెళ్లికొడుకులాంటి కుర్రవాణ్ణి లేపి నన్ను కూర్చోబెట్టింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా, "అన్నా, మెల్లగ! పన్ను పేషెంటున్నడు!" అని డ్రైవరుకు కేకేసింది. బస్సంతా నన్ను చూసింది. ఆ దయకు నేను కాస్త సిగ్గుపడ్డాను, కానీ బస్సు మెల్లగానే పోయింది.

డాక్టరమ్మ మాటలో కృష్ణా అవతలి యాస వినిపించింది. "నోరు ఎంత తెరుచుకుంటే అంతే తెరవండి, బలవంతం చెయ్యకండి" అన్నారు. ఎక్స్‌రే చూశారు. "రోజుకి ఎన్ని టీలు తాగుతారండీ?"

"చిన్న కప్పులు మేడం."

"నేను కప్పు సైజు అడగలేదు."

చెప్పాను. ఆమె ఆ అంకె రాసుకుని దాని కింద రెండు గీతలు గీశారు. "ఈ పన్ను మీద ఇంత పట్టుదల ఎందుకండీ? తీసేసి వేరేది పెట్టించుకోవచ్చుగా?"

చొక్కా జేబులోంచి నాలుగు వడ్ల గింజలు తీసి బల్ల మీద పెట్టి నా పని చెప్పాను. ఆ తర్వాత దవాఖానలో ఉన్నప్పటి నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్న అడిగాను. "నరం సచ్చిపోయింది గద మేడం. ఇగ ఈ పన్నుకు గింజ తెలుస్తదా?"

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "గింజ గట్టిదో మెత్తనిదో చెప్పేది లోపలి నరం కాదండీ. పన్ను ఎముకలో పాతిన గుంజ కాదు. వేరు చుట్టూ సన్నటి దారాల్లాంటివి ఉంటాయి, నులకమంచం మీద పడుకున్నట్టు పన్ను వాటి మీద ఆనుకుని ఉంటుంది. బరువు పడితే ఆ దారాలకే తెలుస్తుంది. వేరు ఉన్నంతకాలం దారాలుంటాయి. వేరు తీసేసి స్క్రూ బిగించామనుకోండి, నమలడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ దారాలు ఉండవు. మీ పనికి అదే తేడా."

నేను పద్మ వంక చూశాను. పద్మ ఎక్స్‌రే వంక చూస్తోంది.

"అయితే మాట ఇవ్వను. పైన మిగిలింది కొంచెమే. మళ్లీ వాపు వచ్చిందో, మీరు ఏడ్చినా తీసేస్తాను. సరేనా?"

"సరే" అంది పద్మ, నాకంటే ముందు.

తిరిగొచ్చే బస్సులో పద్మ, "అంటే పన్ను సచ్చినా పని జేస్తదా?" అని అడిగింది.

"జేస్తదట."

"మీ మిల్లుల సగం మంది గట్లనే ఉన్నరు గద" అంది. దవాఖాన తర్వాత ఆమె వేసిన మొదటి జోకు అది. నా జోకులకంటే బాగుందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

పన్ను లోపలి కాలువలను సన్నటి ఆకురాళ్లతో శుభ్రం చేసి, మందు పెట్టి, మూసి పంపేవారు. అలా తిరుగుతుండగా ఒకసారి చిగురు మళ్లీ ఉబ్బింది. పద్మ టార్చి వేసి చూసి, బస్సు చార్జీలు తీసి, సంచి సర్దింది. నేను వాదించలేదు. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. కోదాడ దాకా ఇద్దరం కిటికీలోంచి పత్తి చేలు చూశాం. డాక్టరమ్మ తెరిచి చూసి, ఒక మూల ఇంకా మురికి మిగిలిందనీ, పన్ను తప్పు కాదనీ అన్నారు. మళ్లీ కడిగారు. "ఇదే ఆఖరిసారి" అన్నారు. ఆ తర్వాత ఉబ్బలేదు.

పన్ను మీద క్యాపు తెల్లది వేయనా అని అడిగితే, గట్టిది వేయమన్నాను. లోహంది వేశారు.

"వడ్లు కొరకొద్దని రాసిస్తే మానేస్తారా?"

"మానను మేడం."

"నిజం చెప్పారు, సంతోషం. టక్కుమనేదాకా కొరకొద్దు. ఆనించి, మెల్లగా నొక్కి, తెలియగానే వదిలేయండి. పని కాగానే పుక్కిలించండి. టీ మాత్రం..."

టీ గురించి ఆమె చెప్పింది ఇక్కడ మొత్తం రాయను. తిండితోపాటు ఒకటి, మధ్యలో మంచినీళ్లు, అంతే. రాశి ముందు నిలబడి చాయ్ వద్దనడానికి ఎంత ధైర్యం కావాలో సూర్యాపేట మార్కెట్లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. కొందరు ఇప్పటికీ నాతో ముభావంగా ఉన్నారు. ఉండనీ.

ఈ యాసంగి

పన్ను దక్కింది, కానీ అది పాత పన్నేనా అన్నది తేలలేదు. కోతలకు ముందు ఇంట్లో పరీక్ష పెట్టుకున్నాను. పద్మ కొన్ని వడ్లు ఎండబెట్టి, కొన్ని తడి గుడ్డలో ఉంచి, కొన్ని నీడలో ఆరబెట్టి, వేరువేరు సాసర్లలో పోసి, ఏది ఏదో చెప్పకుండా నా ముందు పెట్టేది. మొదట్లో అన్నీ ఒకటే. లోహపు క్యాపు కింద గింజ ఎక్కడో పక్కింట్లో విరుగుతున్నట్టుండేది. నేను చెప్పే ప్రతి జవాబుకూ పద్మ తల అడ్డంగా ఊపేది. ఈ గొడవంతా ఉత్త అన్నం నమలడానికేనా అని ఒక పూట సాసరు పక్కకు తోసేశాను.

"దవాఖానల గిన్నె వట్టుకోని నిలవడ్డది నేను. నువ్వు గిప్పుడు అలుగుతున్నవ్? కొరుకు" అంది.

కొరికాను. రోజూ కొరికాను. ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఒకరోజు గింజ ఆనగానే, నొక్కకముందే, "నీడల ఆరినయి" అన్నాను. పద్మ తల నిలువుగా ఊపింది.

మిల్లు గేటు దగ్గర మొదటి రోజు సేటు మీటరు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. ట్రాక్టరు దిగి వచ్చినావిడ మల్లమ్మ. సాగర్ కాలువ కింద పొలం, వయసు మళ్లింది, బేరం మాత్రం తనే చేసుకుంటుంది. నేను రాశిలో చెయ్యి పెట్టి తీసి, నలిపి, ఊది, నోట్లో వేసుకున్నాను. మెల్లగా నొక్కాను. తెలిసింది. ఇంకో గింజ వేసుకున్నాను, అవసరం ఉండి కాదు.

"పైన ఎండినయి అవ్వా. లోపల పచ్చి ఉన్నది. నూక గూడ ఎక్కువొస్తది. తూకంల తరుగు పడతది" అన్నాను.

సేటు మీటరు నొక్కి చూసి, నాకు చూపించకుండానే సంకన పెట్టుకున్నారు. "రేపట్నుంచి సూర్యాపేటకు నువ్వే పో యాదగిరి" అని లోపలికి వెళ్లిపోయారు.

నాకు ఆ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలనిపించింది. దగ్గర్లో ఉన్నది మల్లమ్మ. నోరు తెరిచి మెరుస్తున్న క్యాపు చూపించాను. ఆమె అడగకపోయినా మొత్తం చెప్పాను. అందరూ పీకేయమన్నా నేను పీకించుకోని సంగతి, మెడ దాకా దిగిన చీము, దవాఖాన, కోదాడ బస్సు, వేరు చుట్టూ ఉండే దారాలు, పద్మ పెట్టిన సాసర్లు. మల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా, ఓపికగా చివరి దాకా వింది. ఒకసారి తన వడ్ల వంక చూసుకుంది. ఆ తర్వాత నా నోటి వంక చూసింది.

"గింత గోసవడి ఆ పన్ను దక్కిచ్చుకున్నది నా వడ్లకు తరుగు కొట్టనీకేనా కొడుకా?"